ఓసుమి కనుబొమ పక్కన గీత

కాండా పేటలో కిసబురో అంటే ఎవరికీ తెలిసేది కాదు. జుట్టు మేస్త్రీ అనాలి. అప్పుడు టోఫూ అమ్మేవాడి దగ్గర్నుంచి స్నానాల ఇంటి ముసలమ్మ దాకా అందరూ వేలు చూపించేవాళ్లు, "బావి దాటాక మూడో గుమ్మం" అని. అలాగని ఆయన ఎవరి తలా దువ్వేవాడు కాదు. ఆయన తల మీదే ముడి వేయడానికి సరిపడా జుట్టు మిగల్లేదు. ఆయన పని అచ్చుబొమ్మల కోసం చెర్రీ పలకల మీద ఆడవాళ్ల తలలు చెక్కడం. బట్టల మడతలూ, చెట్లూ, చాపలూ, టీ గిన్నెలూ ఇంకెవరైనా చెక్కుతారు. ముఖం దగ్గరికీ జుట్టు దగ్గరికీ వచ్చేసరికి పలక కిసబురో ముందుకొచ్చేది.

కుర్రతనంలో ఆయన కూడా చాపల దగ్గరే మొదలుపెట్టాడు. తర్వాత మడతలు, తర్వాత చేతులు. నుదుటి మీద జుట్టు పుట్టే చోటు చెక్కనిచ్చేసరికి ఆయనకి పెళ్లి కూడా అయిపోయింది. చర్మంలోంచి వెంట్రుక మొలిచినట్టుండాలి అక్కడ. దువ్వెన పళ్ల కంటే సన్నంగా, ఒకదాన్నొకటి తాకకుండా, ఒక్కటీ విరగకుండా నిలబడాలి. ఆ పని చేసేటప్పుడు ఆయన ఊపిరి కూడా ఆచితూచి వదిలేవాడు.

చిత్రకారుడు పల్చటి కాగితం మీద సిరాతో బొమ్మ గీసి పంపిస్తాడు. దాన్ని పలక మీద బోర్లా అంటించి, వేలు తడి చేసుకుని మెల్లగా రుద్దితే పైపొర ఊడివచ్చి, గీతలు చెక్కలోంచే పుట్టినట్టు తేలతాయి. గీతల్ని ఉంచి మిగతా చెక్కంతా తీసెయ్యాలి. పని అయ్యేసరికి కాగితం ఉండదు. చిత్రకారుడి చేతి గీతంతా పొట్టుతో కలిసి చీపురు కిందికి పోతుంది. దానికి ఎవరూ బాధపడరు, గీసినవాడితో సహా. గీత చెక్కలోకి వెళ్లిపోయాక ఇంక కాగితంతో పనేముంది?

"మా ఆయనకి వీధిలో ఎదురుగా వెళ్లాననుకో, గుర్తుపట్టడు," అనేది ఆయన భార్య ఓయసు, బావి దగ్గర బియ్యం కడుగుతూ. "వీపు తిప్పి నడిచాననుకో, మెడ మీది వెంట్రుకలు చూసి, ఓయసూ, ఎక్కడికే అని కేకేస్తాడు."

బావి దగ్గర ఆడవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. కిసబురో లోపలి నుంచి వినేవాడు, కానీ తల ఎత్తేవాడు కాదు.

వాళ్లకి ఒక్కతే కూతురు, ఓసుమి. ఇంక పిల్లలు పుట్టరులే అనుకున్నాక పుట్టింది. నడక వచ్చిన కొత్తలో ఒకరోజు, నాన్న పని చేసుకుంటూంటే పరిగెత్తుకుంటూ వచ్చి ఆయన పని బల్ల మీద పడింది. పలక మూల కుడి కనుబొమ చివర తగిలింది. కిసబురో అప్పుడు ఒక వెంట్రుక మధ్యలో ఉన్నాడు. అది పూర్తి చేసి తల ఎత్తేసరికి పిల్ల ముఖమంతా నెత్తురు. ఓయసు బావి దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి మాచిపత్రి నలిపి అద్దింది. గాయం మానింది కానీ కనుబొమ చివర నుంచి కణత వైపు ఓ గీత మిగిలిపోయింది. సన్నటి దారమంత. వెలుగు ఓ పక్క నుంచి పడితేనే కనిపించేది.

పెద్దదయ్యాక ఓసుమి ఆ మచ్చని దాచుకోలేదు. పక్క సందులో ఉండే గురువమ్మ దగ్గర మూడు తీగల షామిసెన్ వాయించడం నేర్చుకునేది. ఆ గురువమ్మ, "పెళ్లిచూపులకి కాస్త తెల్లపొడి ఎక్కువ అద్దవే, అది కనపడదు," అందట. ఇంటికొచ్చి అమ్మకి చెప్పి నవ్వింది.

"ఎందుకు దాచుకోవాలి? ఈ పేటలో జుట్టు మేస్త్రీ ఉచితంగా చెక్కిన ముఖం నాదొక్కటే."

"ఛీ, ఏం మాటలే అవి! మీ నాన్న వింటే బాధపడతాడు," అంది ఓయసు.

"ఆయన వినడు. వెంట్రుకలో ఉన్నాడు."

నిజంగానే ఆయన వెంట్రుకలో ఉన్నాడు.

ఓసుమి సాధన చేసేది గుమ్మం దగ్గర. అక్కడైతే వెలుగు ఉంటుందని, నాన్నకి వీపు పెట్టి, సందు వైపు తిరిగి కూర్చునేది. బిరడలు తిప్పి మూడు తీగలూ సరిచేసుకుని, మీటే పలక కుడిచేత్తో పట్టుకుని మొదలుపెట్టేది. తప్పు వచ్చినప్పుడల్లా నాలుక కొరుక్కునేది. అది ఆయనకి కనిపించేది కాదు, భుజాలు పైకి లేవడం మాత్రం తెలిసేది. తెలియకుండానే ఆయన కత్తి ఆ దెబ్బలకి సరిగ్గా నడిచేది. ఆమె ఆగితే కత్తీ ఆగేది.

"ఏం నాన్నా, ఆపావేం?"

"నువ్వాపావుగా."

"నేను ముక్కు గోక్కోడానికి ఆపాను. నీకేమైంది?"

అలా గడిచిపోతున్న రోజుల్లోనే చిత్రకారుడు రిన్‌సెన్ ఓ మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. కిసబురో కత్తులు సానబెట్టించుకురావడానికి వెళ్లాడు, ఓయసు బట్టలు ఆరేస్తోంది. గుమ్మంలో ఓసుమి షామిసెన్ దండిని చెంపకి ఆనించుకుని, తలొంచి, తీగ పలికేది వింటూ ఉంది. రిన్‌సెన్ వచ్చిన పని మర్చిపోయి, గడప మీదే కూర్చుని కాగితం తీశాడు.

ఆ బొమ్మ నచ్చి, అచ్చుబొమ్మలు వేసి అమ్మే మత్సుబా దుకాణం యజమాని అచ్చుకి తీసుకున్నాడు. పేరు లేదు. షామిసెన్ సరిచేసుకుంటున్న అమ్మాయి, అంతే. గీత కాగితం కిసబురో దగ్గరికి వచ్చింది. పలక మీద అంటించి, పైపొర రుద్ది తీశాడు. తన కూతురి తల అది. జుట్టు చూసి పొంగిపోయాడు. ముడి కింద మెడ మీద ఎప్పుడూ దువ్వెనకి లొంగని ఆ చిన్న పాయ కూడా గీశాడు రిన్‌సెన్. ముఖం దగ్గరికి వచ్చాక, కుడి కనుబొమ చివర ఓ సన్నటి గీత కనిపించింది.

కుంచెలో వెంట్రుక చెదిరిందనుకున్నాడు.

ఇలాంటివి ఆయనకి కొత్త కాదు. చిత్రకారుల చేయి జారిన చోటల్లా సరిచేసిన పేరు ఆయనకుంది. ఆ పేరు చూసే దుకాణాలవాళ్లు తలలు పంపేవాళ్లు. అచ్చుబొమ్మల్లో ఆడవాళ్ల ముఖాల మీద మచ్చలుండవు. ఆయన చెక్కిన ఏ ముఖం మీదా లేదు. ఆ కళ్లకి అది మచ్చగా తోచనే లేదు. కత్తి మొన అలా పెట్టి ఇలా లేపాడు. పొట్టు ఊదేశాడు.

అచ్చు వచ్చాక తోకుజి ఓ కాగితం తెచ్చి ఇచ్చాడు. తోకుజి మత్సుబా దుకాణంలో అచ్చులు వేసేవాడు. కిసబురోకి చిన్నప్పటి స్నేహితుడు. ఓసుమి ఆ కాగితం వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసింది. వేలు కుడి కనుబొమ దగ్గరికి వెళ్లింది, బొమ్మలో కాదు, తన ముఖం మీద.

"బాగుంది నాన్నా. భలే అందగత్తె. ఎవరీ అమ్మాయి?"

తోకుజి పకపకా నవ్వాడు. కిసబురో కూడా నవ్వాడు.

"షామిసెన్ మాత్రం నాదే," అంది ఓసుమి. కాగితం మడవకుండా ఓ మూల పెట్టి, బియ్యం కడగడానికి వెళ్లింది.

ఆ వేసవిలో ఎడో నగరమంతటా తట్టు వచ్చింది. పేటలో ప్రతి సందులోనూ ఏదో ఒక ఇంట్లో ఏడుపు. ఓసుమి జ్వరం తగిలాక వారం కూడా బతకలేదు. చివరిరోజు అమ్మనడిగి షామిసెన్ పక్కలో పెట్టించుకుంది కానీ దాన్ని ముట్టుకునే ఓపిక లేకపోయింది.

ఇంట్లో ఓసుమి బొమ్మంటూ ఉన్నది ఆ అచ్చుకాగితం ఒక్కటే. పూజ అరలో ఆమె పేరు రాసిన చెక్క పక్కన కిసబురో దాన్ని నిలబెట్టాడు. మర్నాడు పొద్దున్న చూస్తే కాగితం మళ్లీ మూలన ఉంది. మళ్లీ పెట్టాడు. ఓయసు మళ్లీ తీసేసింది.

"ఎందుకు తీస్తున్నావు?"

"అది మన పిల్ల కాదయ్యా," అంది. కోపం లేదు ఆ గొంతులో. "ఎవరికి దండం పెట్టుకోను? ఏ టీ కొట్టు పిల్లో, ఏమో."

ఆయనకి అర్థం కాలేదు. జుట్టు అచ్చం ఓసుమి జుట్టు.

నలభై తొమ్మిదో రోజు కర్మకి రిన్‌సెన్ అగరొత్తులు వెలిగించడానికి వచ్చాడు. మనిషి సగమైపోయాడు. అదే వేసవిలో ఆయనకీ ఏదో జబ్బు చేసి కుడిచేతికి వణుకు పట్టింది. ఆ చెయ్యి కిమోనోలోంచి బయటికి తియ్యకుండా, ఎడమచేత్తోనే అగరొత్తి గుచ్చాడు. టీ తాగుతూ, మూలన ఉన్న కాగితం చూసి అన్నాడు.

"మేస్త్రీ, ఇన్నాళ్లూ అడగలేదు. ఆ గీత ఎందుకు తీసేశారు?"

"ఏ గీత గురువుగారూ?"

"కనుబొమ పక్కన గీత. తను మరీ మరీ చెప్పి గీయించుకుంది. 'ఇది మా నాన్న చెక్కింది, దీన్ని మాత్రం వదిలెయ్యకండి' అంది. తొలి అచ్చు నా దగ్గరికి రంగులు గుర్తుపెట్టడానికి వచ్చినప్పుడు చూశాను, లేదు. కన్నతండ్రి కదా, కూతురి మచ్చ ఊరంతా చూడ్డం ఇష్టం లేదేమో అనుకుని ఊరుకున్నాను."

కిసబురో చేతిలో గిన్నె చాప మీదికి ఒరిగింది. ఓయసు గుడ్డ తెచ్చి తుడవలేదు. టీ చాపలోకి ఇంకిపోయింది.

"ఎవరీ అమ్మాయి, అంది," అన్నాడు ఆయన. "నేను నవ్వాను."

రిన్‌సెన్‌ని అడిగాడు, మళ్లీ గియ్యమని. నేలకి నుదురు ఆనించి అడిగాడు. రిన్‌సెన్ కుడిచెయ్యి బయటికి తీసి చూపించాడు. గాలికి ఆకులా కొట్టుకుంటోంది. "ముఖం నాకింకా కళ్లలోనే ఉంది మేస్త్రీ. చేతిలోకి రావట్లేదు," అని ఏడ్చాడు.

రిన్‌సెన్ వెళ్లాక ఓయసు అంది, "సిరాతో ఓ గీత గీసెయ్యరాదూ? దారమంత గీతేగా."

ఆయన అచ్చుకాగితం బల్ల మీద పరిచి కుంచె పట్టుకున్నాడు. చెర్రీ చెక్క మీద పసిపిల్ల వెంట్రుక నిలబెట్టే చేయి అది. కుంచె దానికి లొంగలేదు. సిరా చుక్క జారి కనుబొమ మీద పడి, కాగితంలోకి పాకి, దెబ్బ తగిలి కమిలినట్టు నల్లగా పరుచుకుంది. ఓయసు ముఖం తిప్పుకుంది. కిసబురో ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పొయ్యిలో వేశాడు. ఇంట్లో ఉన్న ఒక్కటీ పోయింది.

"పలక ఉంది," అన్నాడు. "మత్సుబా వాళ్ల కొట్లో. తీసేసింది నా కత్తి. నా కత్తే పెడుతుంది."

అది చెయ్యగలిగిన పనే. తీసేసిన చెక్కని మళ్లీ మొలిపించలేం కానీ, ఆ చోట చిన్న గుంట చేసి, కొత్త చెర్రీ బిళ్ల బిగించి, దాని మీద గీత చెక్కవచ్చు. చిన్న తప్పులకి అందరూ చేసేదే. ఓయసు చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలోకి చూసింది.

"చేస్తావా?"

"చేస్తాను. అరలో నువ్వే పెట్టుకుందువుగాని."

మర్నాడు దుకాణానికి వెళితే యజమాని ఎదురొచ్చి, "నూరేళ్లయ్యా నీకు! నీకే కబురు పంపుదామనుకుంటున్నా," అన్నాడు. లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. పాత షామిసెన్ అమ్మాయి బొమ్మ అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు అసకుసా పేటలో ఓ టీ కొట్టు పిల్లని చూడ్డానికి జనం ఎగబడుతున్నారు. బట్టలూ, చేతులూ, షామిసెన్ అవే ఉంచి, తల ఒక్కటి తీసి, ఆ పిల్ల తల బిగిస్తే సరిపోతుంది. కొత్త కుర్రాడొకడు తల గీసిచ్చాడు కూడా.

"నీ కంటే బాగా ఎవరు చేస్తారు మేస్త్రీ?"

కిసబురో తన మోకాళ్ల వైపు చూశాడు.

"అది మా పిల్లండీ," అన్నాడు.

"ఏది?"

"ఆ పలక మీద ఉన్నది. మా ఓసుమి."

యజమాని చేతిలోని పొగగొట్టం పక్కన పెట్టేశాడు. మంచివాడే. కానీ పలక దుకాణానిది. కాగితం తడిపి పెట్టారు, అచ్చువాళ్లు వచ్చి కూర్చున్నారు, పండగ లోపల బొమ్మ బయటికి రావాలి.

"నాకు తెలీదయ్యా, ఒట్టు. పోనీ ఇంకొకళ్లకి ఇస్తాలే. నువ్వు చెయ్యద్దు."

"వద్దండీ." వెంటనే అన్నాడు కిసబురో. "ఇంకొకడి ఉలి ఆ ముఖం మీద పెట్టనివ్వను. నేనే తీస్తాను. ఒక్కరోజు పలక ఇంటికి తీసుకెళ్లనివ్వండి. రేపు తెచ్చి ఒక్క కాగితం, ఒక్కటంటే ఒక్కటి, నల్లసిరాతో తీసుకుంటాను. ఆ తర్వాత మీ ముందే తల తీసేస్తాను."

"ఒకటేం ఖర్మ, నాలుగు తీసుకో."

"ఒక్కటి చాలండీ. మా పిల్ల ఒక్కతే."

పలకని గుడ్డలో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకానించుకుని ఇంటికి తెచ్చాడు. వెలుగు బాగా పడేలా, ఓసుమి కూర్చునే గుమ్మం దగ్గర బల్ల వేసుకున్నాడు. ఇంతకాలం పని దగ్గరికి రాని ఓయసు వచ్చి ఎదురుగా కూర్చుంది.

పలక మీద సిరా ఎండి ముఖం నల్లగా మెరుస్తోంది. ఈసారి అంటించడానికి గీత కాగితం లేదు. ఆయన జీవితంలో కాగితం లేకుండా పలక మీద కత్తి పెట్టడం ఇదే మొదలు. ఏ గీత ఎటు ఉండాలో ఎన్నడూ ఆయన ఆలోచించుకోవలసిన అవసరం రాలేదు, బోర్లా అంటించిన కాగితమే చెప్పేది. ఇప్పుడు కళ్లు మూసుకున్నాడు. ఓసుమి ఎదురుగా వచ్చి నిలబడింది. కుడి కనుబొమ, అంటే తనకి ఎడమ వైపు. వెలుగు సందులోంచి పడుతోంది. సన్నటి దారం, కణత దాకా పోదు, మధ్యలోనే సన్నబడి ఆగిపోతుంది. ఇన్నేళ్లూ చూడలేదనుకున్నాడు కానీ చూశాడు. అంతా ఉంది.

కళ్లు తెరిచి, ఎదురుగా ఉన్న ముఖం మీద తన ఎడమ వైపు, కనుబొమ చివర చిన్న గుంట తవ్వాడు. బిళ్ల బిగించి, తట్టి, చదును చేశాడు. కత్తి మొన దించాడు. ఓయసు ఊపిరి బిగబట్టింది.

"ఇక్కడేగా?"

"అక్కడే," అంది. "సరిగ్గా అక్కడే. ఇంకాస్త కిందికి వంపు. ఆ... అంతే. అంతేనయ్యా."

పొట్టు ఊదాడు. ఇద్దరూ పలక మీదికి వంగి చూశారు. నల్లటి ముఖం మీద పచ్చి చెర్రీ చెక్క రంగులో ఓ దారం. ఓయసు ఓ వేలు చాచి, తాకకుండా వెనక్కి తీసుకుంది.

"వచ్చేసింది," అంది. "చూడు, మన పిల్ల వచ్చేసింది."

ఆమె నవ్వడం ఆయన వేసవి తర్వాత అప్పుడే చూశాడు.

పొద్దున్నే పలక దుకాణానికి తీసుకెళ్లాడు. తోకుజి చేతులు కడుక్కుని సిద్ధంగా ఉన్నాడు.

"ఏరా జుట్టూ, మంచి కాగితం తీసి ఉంచాను. దుకాణం కాగితం కాదు, నా సొంతం. యజమానికి చెప్పకు."

"చెబితే ఏం చేస్తాడు?"

"నా తల తీసి ఇంకోటి బిగిస్తాడు," అన్నాడు తోకుజి. అన్నాక నాలుక కొరుక్కున్నాడు. సిరా పూసి, తడి కాగితం పరిచి, వెదురాకు చుట్టిన బిళ్లతో మెల్లగా, చంటిపిల్ల వీపు నిమిరినట్టు రుద్దాడు. ఓ అంచు పట్టుకుని లేపాడు. కిసబురో అప్పుడు కళ్లు దించుకున్నాడు. ముందు ఓయసు చూడాలి. తోకుజి దాని మీద పొడి కాగితం కప్పి, చెక్క కింద పెట్టాడు.

"ఆరనీ. ఇంటికెళ్లేదాకా విప్పకు, సిరా అంటుతుంది."

ఇక తల తీసెయ్యాలి. యజమాని తన గదిలోకి వెళ్లి తలుపు జరుపుకున్నాడు. కిసబురో ఉలి తీశాడు. ముందు మెడ మీద దువ్వెనకి లొంగని ఆ చిన్న పాయ. తర్వాత ముడి. రోజుల తరబడి ఊపిరి బిగబట్టి నిలబెట్టిన వెంట్రుకలు సుత్తి దెబ్బకి గుంపులు గుంపులుగా లేచిపోయాయి. నుదురు, పెదవులు, కొత్త బిళ్లతో సహా కనుబొమ. ఆయన ఉలి ఆగలేదు. పక్కనున్న ఆ చెక్క కింద కాగితం ఉంది. పిల్ల అందులో ఉంది, ఇది ఉట్టి చెక్క. అలా అనుకుంటూ గుంట అడుగు దాకా చదును చేశాడు. కొత్త చెర్రీ ముక్క బిగించి, చిత్రిక పట్టాడు. నున్నగా, ఏమీ లేకుండా వచ్చింది.

పొట్టు తోకుజి ఊడుస్తానన్నాడు. కిసబురో ఒప్పుకోలేదు. తనే ఊడ్చాడు.

ఇంటికొచ్చేసరికి ఓయసు అర తుడిచి, కొత్త అగరొత్తులు పెట్టింది. ఓసుమికి ఇష్టమని టోఫూ వేయించింది, ఆ వాసన సందు మొదట్లోకే వస్తోంది. చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది.

"ఇవ్వు."

ఆయన పై కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు.

ఓయసు చూసింది. నవ్వబోయిన ముఖం మధ్యలో ఆగిపోయింది. చెయ్యి పైకి లేచి తన కుడి కనుబొమ తడుముకుంది. తర్వాత ఎడమది. మళ్లీ కుడిది.

"ఏమయ్యా," అంది మెల్లగా. "ఇటు కదా."

ఆయన వంగి చూశాడు. దారమంత గీత, వంపుతో సహా, ఎంత బాగా పడాలో అంత బాగా పడింది. ఎడమ కనుబొమ పక్కన.

అచ్చులో ప్రతిదీ అటుది ఇటు పడుతుంది. అచ్చుల వీధిలో పొట్టు ఊడ్చేవాళ్లకి కూడా తెలిసిన సంగతి. బతుకంతా బోర్లా కాగితాల మీద బతికిన మనిషి, ఒక్కసారి కూతుర్ని ఎదురుగా చూసి చెక్కాడు. ఎదురుగా చూసినట్టే చెక్కాడు.

"ఉండు," అని లేవబోయాడు. "ఇంకో బిళ్ల వేస్తాను. ఎంతసేపు, ఇది తీసేసి అటు పక్క..." అని, లేచిన మనిషి అలాగే మోకాళ్ల మీద నిలిచిపోయాడు. పలక దుకాణంలో ఉంది. ఆ పలక మీద మెడ దగ్గర్నుంచి పైకి నున్నటి చెక్క ఉంది.

చేతులు రెండూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఓసుమి పోయిన రోజు కూడా ఆయన గొంతులోంచి అలాంటి శబ్దం రాలేదు. పక్కింటివాళ్ల మాటలు ఆగిపోయాయి.

ఓయసు లేచి, ఓసుమి దువ్వెనల పెట్టె లోంచి అద్దం తెచ్చింది. వేసవి నుంచి ఎవరూ ముట్టుకోక ఆ కంచు అద్దం మసకబారి ఉంది. దాన్ని కిమోనో చేతికి రుద్ది రుద్ది తుడిచింది. గోడకి ఆనించి, దాని ఎదురుగా కాగితం ఎత్తి పట్టుకుంది.

"ఇటు రా. ఇందులో చూడు."

ఆయన పాకుతూ వచ్చాడు. అద్దంలో ఓసుమి తలొంచుకుని తీగ పలికేది వింటోంది. గీత కుడి కనుబొమ పక్కకి వచ్చేసింది. సరిగ్గా అక్కడే. ఆయన అద్దం దగ్గరికి ముఖం తీసుకెళ్లాడు.

అప్పుడు షామిసెన్ కనిపించింది. దండి కుడిచేతిలోకి పోయింది. మీటే పలక ఎడమచేతిలో ఉంది. ఓసుమి ఎప్పుడూ అలా పట్టుకోలేదు. అలా పట్టుకుని ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. నిన్న పలక మీద ఇద్దరూ వంగి చూసింది ఈ బొమ్మనేనని ఆయనకి అప్పుడు తెలిసింది. ముఖం తప్ప ఇంకేమీ చూడలేదు ఇద్దరూ.

కాగితం చూస్తే షామిసెన్ వాయించే పిల్ల, గీత తనది కాదు. అద్దంలో చూస్తే గీత తనదే, చేతులు తనవి కావు.

"ఇది... షామిసెన్..." అన్నాడు.

"నాకు కనిపిస్తోందిలే."

ఓయసు రెండో చెయ్యి చాచి, తన కిమోనో చెయ్యిని బొమ్మ మీదికి జార్చింది. నీలం గుడ్డ కింద చేతులూ, దండీ, తీగలూ కప్పబడిపోయాయి. అద్దంలో ముఖం ఒక్కటే మిగిలింది. వంచిన తల, మెడ మీద దువ్వెనకి లొంగని పాయ, కుడి కనుబొమ పక్కన దారమంత గీత. దేన్నో వింటున్నట్టే ఉంది, ఏమీ మోగకపోయినా.

"ఇప్పుడు చూడు," అంది.

ఆయన చూశాడు. తల ఎత్తి, ఎదురుగా, కళ్లు తిప్పకుండా చూశాడు. పొయ్యి మీద టోఫూ మాడిపోతున్న వాసన వచ్చింది. ఇద్దరూ కదల్లేదు.

కాసేపటికి ఓయసు చెయ్యి వణకడం మొదలుపెట్టింది. గుడ్డ అంచు కింద నుంచి ఓ తీగ బయటపడబోయింది. కిసబురో తన చెయ్యి ఆమె మోచేతి కింద పెట్టి, అలాగే ఎత్తి పట్టుకున్నాడు.